మొదటి స్కూబా రెగ్యులేటర్: ఏం చూసి కొనాలి?

కడలి_కెరటం
నమస్తే అందరికీ. ఉండేది హైదరాబాద్. ఈమధ్యే హావ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేశాను. ఇకముందు పాండిచ్చేరి, కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి, వీలైతే మళ్లీ అండమాన్ వెళ్లాలని ఉంది. మాస్క్, ఫిన్స్, డైవ్ కంప్యూటర్ సొంతానివి ఉన్నాయి. ఇప్పుడు రెగ్యులేటర్ కొందామని చూస్తుంటే పిస్టన్, డయాఫ్రమ్, బ్యాలెన్స్‌డ్, యోక్, డిన్ అంటూ బుర్ర తిరిగిపోతోంది. ఫస్ట్ స్టేజ్, సెకండ్ స్టేజ్, ఆక్టోపస్ (అవసరానికి బడ్డీకి, అంటే తోటి డైవర్‌కి ఇచ్చే అదనపు సెకండ్ స్టేజ్), గేజ్ అన్నీ కలిపి 50 వేల దాకా పెట్టగలను. వాడినవాళ్లు మీ అనుభవం చెప్పండి. నీళ్లలో ఊపిరంతా దాని మీదే కదా, తక్కువ ధరది కొంటే ప్రమాదమా అన్నదే నా అసలు టెన్షన్.

విశాఖ_లోతు
ముందు ఆ టెన్షన్ వదిలేయండి. పేరున్న కంపెనీది, ఈఎన్250 (యూరప్ ప్రమాణం) ముద్ర ఉన్నది ఏది కొన్నా మీరు వెళ్లే లోతుల్లో గాలికి లోటు రాదు. సిలిండర్‌లో 200 బార్ దాకా ఉండే గాలిని ఫస్ట్ స్టేజ్ (లోపల పిస్టన్ ఉన్నా, డయాఫ్రమ్ అనే సాగే పొర ఉన్నా) బాగా తగ్గించి, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే సుమారు 9, 10 బార్ మాత్రమే ఎక్కువ ఉండేలా హోస్‌లోకి పంపుతుంది. దాన్ని నోటికి సరిపడేలా దించేది సెకండ్ స్టేజ్. ఇప్పుడు దొరికే దాదాపు అన్ని సెకండ్ స్టేజ్‌ల్లోనూ వాల్వ్ గాలి పోయే దిక్కుకే తెరుచుకుంటుంది. కాబట్టి ఒత్తిడి అదుపు తప్పితే గాలి ఆగిపోదు, ఆపకుండా బుసబుసా వచ్చేస్తుంది. ఫ్రీ ఫ్లో అవుతున్న రెగ్యులేటర్ నుంచి ఊపిరి తీసుకోవడం కోర్సులో నేర్పించేది అందుకే.

ధరలో తేడా ముఖ్యంగా బ్యాలెన్సింగ్ దగ్గర, అంటే సిలిండర్ ఖాళీ అవుతున్నా గాలి ఒకేలా రావడం దగ్గర వస్తుంది. అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్‌లో సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ గాలి లాగడం కొంచెం కష్టమవుతుంది. 12 మీటర్లలో ఆ తేడా మీకు తెలియను కూడా తెలియదు. 30 మీటర్లలో గాలి ఒడ్డు మీద కంటే 4 రెట్లు చిక్కగా ఉంటుంది. అక్కడ సిలిండర్ 50 బార్‌కి దిగి, బడ్డీ కూడా మీ ఆక్టోపస్ నుంచే పీలుస్తుంటే అప్పుడు తెలుస్తుంది. కంగారులో ఉన్న ఇద్దరు మనుషులు ఒకే ఫస్ట్ స్టేజ్ నుంచి గాలి లాగే ఆ పరిస్థితి కోసమే నా విద్యార్థులందరికీ బ్యాలెన్స్‌డ్ తీసుకోమని చెబుతాను.

మస్కట్_బాబాయ్
లోతు గారూ, మీ మాట కాదనను కానీ అన్‌బ్యాలెన్స్‌డ్‌ని అంత పక్కన పెట్టొద్దు. డైవ్ సెంటర్లు అద్దెకిచ్చే వాటిలో చాలా భాగం అవే. ఉదాహరణకి స్కూబాప్రో ఎంకే2 చూడండి, కదిలే భాగాలు తక్కువ, మొండిగా పనిచేస్తుంది, సర్వీసు తేలిక. ఇక్కడ ఒమన్‌లో దైమానియత్ దీవుల దగ్గర 18 మీటర్ల లోపు డైవ్ చేసే మా బ్యాచ్‌లో సగం మంది ఏళ్ల తరబడి అలాంటివే వాడుతున్నారు. బడ్జెట్ నిజంగా సరిపోకపోతే అది తీసుకున్నా తప్పేం లేదు తమ్ముడూ. ఆ మిగిలిన డబ్బుతో ఇంకో రెండు డైవ్‌లు ఎక్కువ చెయ్యి.

యోక్, డిన్ సంగతి. యోక్ అంటే సిలిండర్ వాల్వ్ మీద బిగించే చట్రం, ఇండియాలో ఎక్కువగా కనిపించేది అదే. డిన్ అంటే వాల్వ్ లోపలికి స్క్రూలాగా తిప్పి బిగించేది. గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు (ఓ-రింగ్) లోపల భద్రంగా ఉంటుంది, ఎక్కడైనా కొట్టుకున్నా ఊడి రాదు. యోక్ 232 బార్ వరకే, 300 బార్ సిలిండర్లకు డిన్ తప్పదు. యూరప్‌లో ఎక్కువగా డిన్. ఎర్రసముద్రం వైపు చాలాచోట్ల మధ్యలో ఇన్సర్ట్ తీస్తే డిన్, పెడితే యోక్ అయ్యే వాల్వులుంటాయి. నేనైతే డిన్ కొని, యోక్ అడాప్టర్ పక్కన పెట్టుకోమంటాను.

నీలి_నీడ
బాబాయ్ గారూ, అడాప్టర్ గురించి ఒక మాట. అది పెడితే ఫస్ట్ స్టేజ్ ఇంకాస్త ముందుకి, తల వైపుకి వస్తుంది. నేను పొట్టి మనిషిని. తల పైకెత్తినప్పుడల్లా వెనక తగులుతూ చిరాకు పెట్టింది. డైవ్‌లన్నీ ఇండియాలోనే అయితే నేరుగా యోక్ తీసుకోవడమే సుఖం. చాలా మోడళ్లకు తర్వాత డిన్ కిట్ కొని మార్పించుకోవచ్చు కూడా.

ఇంకొకటి, దీన్ని షాపులో ఎవరూ చెప్పరు. నాకు మొదట్లో ప్రతి డైవ్ తర్వాత దవడ పట్టేసేది. రెగ్యులేటర్ మంచిది కాదేమో అనుకుని దాన్నే అమ్మేద్దామనుకున్నాను. మా ఇన్‌స్ట్రక్టర్ చిన్న సైజు మౌత్‌పీస్ మార్చి ఇచ్చాడు, అంతే, నొప్పి పోయింది. మౌత్‌పీస్ మార్చడానికి పెద్దగా ఖర్చు కాదు. అలాగే సెకండ్ స్టేజ్ బరువు, హోస్ ఏ కోణంలో లాగుతోంది అన్నవి కూడా చూడండి. వీలైతే కొనే ముందు అదే మోడల్‌ని అద్దెకు తీసుకుని స్విమ్మింగ్ పూల్‌లోనైనా నోట్లో పెట్టుకుని చూడండి.

మాంటెరే_తెలుగు
మాది కాలిఫోర్నియా, నీళ్లు 10 నుంచి 13 డిగ్రీల మధ్య. గాలి ఒత్తిడి దిగినప్పుడు చల్లబడుతుంది కదా, ఇంత చల్లటి నీళ్లలో ఫస్ట్ స్టేజ్ లోపల మంచు కట్టి ఫ్రీ ఫ్లో అయ్యే అవకాశముంది. అందుకని ఇక్కడ మేం నీళ్లు లోపలికి చేరకుండా మూసి ఉండే డయాఫ్రమ్ రకాలు వాడతాం. ఎపెక్స్‌వి, స్కూబాప్రో ఎంకే17 అలాంటివే. ఈఎన్250 ముద్ర పక్కన 10 డిగ్రీల కంటే పైన అని రాసి ఉంటే అది చల్లటి నీళ్లకు పనికిరాదని అర్థం. అండమాన్‌లో 27, 28 డిగ్రీల నీళ్లలో దిగేవాళ్లకు దీనికోసం అదనంగా డబ్బు పెట్టాల్సిన పని లేదు.

విశాఖ_లోతు
చలి లేకపోయినా మూసి ఉండే రకానికి మా దగ్గర ఇంకో ఉపయోగం ఉంది. విశాఖ తీరంలో కెరటాలు పెద్దగా ఉన్న రోజుల్లో ఇసుక, బురద పైకి లేస్తాయి. తెరిచి ఉండే పిస్టన్‌లో స్ప్రింగ్ ఉన్న గదిలోకి సముద్రపు నీరు నేరుగా వెళ్తుంది, దాంతోపాటు ఇసుక, ఉప్పు కూడా. సరిగ్గా కడగకపోతే అక్కడే గడ్డకడుతుంది. ఒడ్డు నుంచి నడుచుకుంటూ నీళ్లలోకి దిగేవాళ్లు ఇది ఆలోచించాలి. పడవ మీద నుంచి నేత్రాణిలోకి దూకేవాళ్లకు అంత తేడా ఉండదు.

స్పానర్_సీను
రెగ్యులేటర్లు విప్పి బిగించడమే నా పని కాబట్టి నా వైపు నుంచి చెప్తాను. పిస్టనా డయాఫ్రమా అని ఇంతగా ఆలోచిస్తున్నారు కానీ, మీ ఊళ్లోనో మీరు డైవ్ చేసే చోటో ఆ కంపెనీ సర్వీసు ఉందా, విడిభాగాల కిట్ దొరుకుతుందా అని ముందు అడగండి. కంపెనీని బట్టి ఏడాదికో రెండేళ్లకో, లేదా దాదాపు 100 డైవ్‌లకో దాన్ని పూర్తిగా విప్పి ఓ-రింగులు, సీట్లు (వాల్వ్ మూసుకునేటప్పుడు ఆనే భాగాలు), ఫిల్టర్ మార్చాలి. విదేశాల్లో సగం ధరకు దొరికిందని తెచ్చుకుని, ఇక్కడ కిట్ లేక అల్మారాలో పెట్టేసినవాళ్లను చాలామందిని చూశాను. ఒక కస్టమర్‌ది ఊరికే కిట్ కోసం నెలల తరబడి ఆగింది. చూస్తే బాధేసింది, చాలా మంచి రెగ్యులేటర్ అది.

ఆక్టోపస్ దగ్గర పొదుపు చేయకండి. ఎలాగూ వాడం కదా అని అన్నిటికంటే చౌకది తగిలిస్తారు. దాని అవసరం పడేది గాలి అయిపోయి వేగంగా ఊపిరి తీస్తున్న మనిషికి.

కడలి_కెరటం
అందరికీ చాలా థాంక్స్. సీను అన్నా, ఒకాయన పాత బ్యాలెన్స్‌డ్ డయాఫ్రమ్ సెట్ మొత్తం 25 వేలకి ఇస్తానంటున్నాడు. ఆరేళ్ల కిందటిదట, చాలాకాలంగా వాడలేదట. తీసుకోవచ్చా?

స్పానర్_సీను
చూడకుండా మాత్రం వద్దు తమ్ముడూ. వాడలేదు అంటే బాగుందని కాదు, రబ్బరు పెట్టెలో ఉన్నా గట్టిపడుతుంది. ముందు ఆ మోడల్‌కి ఇప్పటికీ కిట్ వస్తోందో లేదో కనుక్కో. తర్వాత ఫస్ట్ స్టేజ్‌లోకి గాలి వెళ్లే చోట ఉండే చిన్న ఫిల్టర్ రంగు చూడు. ఆకుపచ్చ ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. ఎర్రగా పొడిలా ఉంటే స్టీల్ సిలిండర్ తుప్పు. నల్లగా ఉంటే కంప్రెసర్ నుంచి మసి. ఈ మూడింట్లో ఏది కనిపించినా పూర్తి సర్వీసు ఖర్చు కలుపుకుని బేరమాడు.

సిలిండర్‌కి తగిలించకుండా, డస్ట్ క్యాప్ (ఫస్ట్ స్టేజ్‌లోకి గాలి వెళ్లే చోటుకి మూత) బిగించి, సెకండ్ స్టేజ్ నోట్లో పెట్టుకుని మెల్లగా పీల్చు. గాలి అస్సలు రాకూడదు. వస్తే డయాఫ్రమ్‌లోనో, ఊపిరి బయటకు పోయే వాల్వ్‌లోనో, ఇంకెక్కడైనా లీక్ ఉన్నట్టే. సిలిండర్‌కి తగిలించాక వాల్వ్ పూర్తిగా తెరిచి, గేజ్ చూస్తూ గట్టిగా పీల్చు. ముల్లు ఊపిరి ఊపిరికీ కిందికి ఊగకూడదు. ఆ తర్వాత పది నిమిషాలు అలాగే వదిలేసి విను. కాసేపటికి సెకండ్ స్టేజ్ నుంచి సన్నగా గాలి కారడం మొదలైతే, హోస్‌లో ఒత్తిడి మెల్లగా పెరిగిపోతోందని, ఫస్ట్ స్టేజ్‌లో సీటు అరిగిందని అనుమానించాలి.

అల్లిక హోస్‌లు ఉన్నాయేమో కూడా చూడు. పాతవాటిలో కొన్నింట్లో లోపలి గొట్టం పాడై, పసుపు స్ఫటికాలు పేరుకుని గాలి దారి మూసుకుపోయిన కేసులు బయటపడ్డాయి. బయటికి చూస్తే ఏమీ కనిపించదు. పాత సెట్ ఎవరి దగ్గర కొన్నా హోస్‌లన్నీ కొత్తవి వేయించమంటాను.

నీలి_నీడ
25 వేలకి పూర్తి సర్వీసు, కొత్త హోస్‌లు కలిపితే ఎంతవుతుందో లెక్కేసుకో కెరటం. మీ 50 వేలకి దగ్గర పడితే వారంటీతో కొత్తదే మేలు.

కడలి_కెరటం
లెక్కేశాను అక్కా. సర్వీసు, మూడు హోస్‌లు, మౌత్‌పీస్ కలిపితే పెద్దగా మిగిలేది కనిపించలేదు. కొత్తదే, యోక్, బ్యాలెన్స్‌డ్ తీసుకుంటున్నాను. చెన్నైలో ఆ కంపెనీ సర్వీసు చేస్తామన్నారు, కిట్ కూడా ఉందన్నారు. విమానంలో దీన్ని చెక్-ఇన్‌లో వేయాలా, చేతి బ్యాగులోనా?

మస్కట్_బాబాయ్
చేతి బ్యాగులోనే, తమ్ముడూ. లగేజీ తప్పిపోయినా ఫిన్స్ అద్దెకు దొరుకుతాయి. హోస్‌లు మెలికపడకుండా గుండ్రంగా చుట్టు. సెక్యూరిటీ వాళ్లు అడిగితే డైవింగ్ పరికరం, ఇందులో గాలి నిల్వ ఉండదు అని చెప్పు.

స్పానర్_సీను
డైవ్ అయ్యాక కడిగేటప్పుడు ఒక జాగ్రత్త. డస్ట్ క్యాప్‌ని ముందు తుడిచి ఆరబెట్టి, బిగించాకే మంచినీళ్లలో ముంచు. గాలి ఒత్తిడి లేనప్పుడు నీళ్లలో ఉంచి పర్జ్ బటన్ (సెకండ్ స్టేజ్ మీద ఉండే, నొక్కితే గాలి వదిలే బటన్) నొక్కకు, నొక్కితే నీళ్లు హోస్ గుండా ఫస్ట్ స్టేజ్ దాకా పోతాయి. నా దగ్గరికి వచ్చే ఆకుపచ్చ ఫిల్టర్లలో చాలావాటికి కారణం తడి డస్ట్ క్యాపే.