గొంతులో ముల్లు: ఎక్స్‌రేలో కనబడకపోతే లేనట్టేనా?

ఏటిగట్టు: నిన్న రాత్రి చేప ముల్లు గుచ్చుకుంది. మింగినప్పుడల్లా కుడివైపు పొడుస్తోంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఇక వదిలేయవచ్చా?

వేపచెట్టు: వదలకండి. సన్నని ముళ్లు చాలావరకు ఎక్స్‌రేకు చిక్కవు. పైగా వయసుతో స్వరపేటిక మృదులాస్థిలో సున్నం చేరితే అదే ముల్లులా కనబడుతుంది. చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ముందు నోరు తెరిపించి టాన్సిళ్లు, నాలుక వెనక భాగం చూడాలి. ఎక్కువగా చిక్కేది అక్కడే. దొరకకపోతే ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి చూస్తారు. అప్పటికీ దొరకక నొప్పి నిలిచి ఉంటే సీటీ స్కాన్.

నిలకడ: ఇలా భయపెట్టే నాకు మత్తు ఇచ్చి గొట్టం వేశారు. ముల్లు లేదు, గీత మాత్రం ఉంది. ముల్లు జారిపోయినా గీసిన గాయం గుచ్చుతూనే ఉంటుంది.

సందెవెలుగు: పెద్ద ముద్ద మింగండి, దిగిపోతుంది.

వేపచెట్టు: ఆ పని చేయకండి! ముద్ద ముల్లును ఇంకా లోతుకు నెట్టవచ్చు.

నిలకడ: ముద్ద మాట నేను అనలేదు. గీతకూ ముల్లుకూ తేడా ఎలా తెలుస్తుందో చెప్పండి.

వేపచెట్టు: గీత నొప్పి తగ్గుతూ వస్తుంది. ముల్లు గొంతు పైభాగంలో ఉంటే ఏ వైపో మనిషి చాలావరకు సరిగానే చూపగలడు. అన్నవాహికలోకి దిగితే చోటు చెప్పడం కష్టం. అక్కడ చిక్కిన మొనదేలిన వస్తువును వీలైతే 2 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 6 గంటల్లోపు తీయాలని ఐరోపా జీర్ణాశయ ఎండోస్కోపీ సంఘం 2016లో సూచించింది.

నిలకడ: మళ్లీ "చాలావరకు"! నేనూ వేలు పెట్టి చూపాను. ముల్లు ఉందా?

వేపచెట్టు: మీకు లేదు కాబట్టి ఎవరికీ ఉండదా? మా అమ్మ నాలుగు రోజులు చెబుతూనే ఉంది. ఎక్స్‌రే బాగుందని పంపేశారు. భ్రమ అన్నది నేనే. ఐదో రోజు జ్వరం, మెడ బిగుసుకుపోయింది. ముల్లు గొంతు గోడను చీల్చి వెనక చీము పట్టింది.

నిలకడ: అమ్మగారి సంగతి తెలియక అన్నాను, మన్నించండి. నా కోపం పరీక్ష మీద కాదు. నొప్పి తగ్గుతోందని చెబితే ఎవరూ వినలేదు. నోరు తెరిచి చూడకుండానే మత్తు ఇచ్చారు. తగ్గుతున్న నొప్పికి ఒక రోజు ఆగాలనే ఇప్పటికీ అంటాను.

వేపచెట్టు: నోరు, గొంతు చూశాక ఆగండి. చూడకముందు మాత్రం కాదు.

ఏటిగట్టు: నా నోట్లోకి ఇంతవరకు ఎవరూ చూడలేదు. నొప్పి కూడా తగ్గలేదు. ఇప్పుడే బయలుదేరుతున్నాను.