వాయువు లీకైన చోటికి ఫైర్ కోటుతో వెళ్లవచ్చా?

నిప్పుకోడి: అగ్నిమాపక శిక్షణలో తేలని ప్రశ్న. అమ్మోనియా లీకైంది, లోపల ఒకరు పడి ఉన్నారు. సిలిండరుతో సహా ఒళ్లంతా మూసేసే లెవెల్ ఎ సూటు రావడానికి ఇంకా సమయం పడుతుంది. మన దగ్గర ఉన్నవి మంటల్లోకి వేసుకెళ్లే ఫైర్ కోటు, బీఏ సెట్ (ఊపిరికి గాలి సిలిండరు, మాస్కు). వెళ్తారా, ఆగుతారా?

పాతకాపు: వెళ్తాం. అడగడానికి ఏముంది? 1999లో అమెరికా సైన్యం పరీక్షించి మరీ చెప్పింది. బతికి ఉన్నవారు కనిపిస్తే ఫైర్ కోటు, బీఏ సెట్‌తో 30 నిమిషాలు పనిచేయవచ్చు. ఏమీ తెలియకపోతే 3 నిమిషాలు. మనిషిని ఈడ్చుకురావడానికి ఆ 3 నిమిషాలు చాలు.

శాస్త్రి: ఆ పరీక్షలు యుద్ధ రసాయనాలకు సంబంధించినవి, అమ్మోనియాకు కాదు. ఫైర్ కోటులో పైన మంటను తట్టుకునే అరామిడ్ బట్ట, మధ్యలో తడిని ఆపే పొర, లోపల వేడిని ఆపే పొర ఉంటాయి. పొరలు ఎంత మంచివైనా మెడ, మణికట్టు, నడుము దగ్గర వాయువుకు దారి తెరిచే ఉంటుంది.

తడిగొట్టం: ఆ దారులు నాకు బాగా తెలుసు. శీతల గిడ్డంగిలోకి కోటుతోనే వెళ్లాను. ఊపిరితిత్తులకు ఏమీ కాలేదు. చంకలు, గజ్జలు, మెడ చుట్టూ చర్మం కాలింది. చెమట పట్టిన చోటే అమ్మోనియా పట్టుకుంటుంది. చికిత్స ఖర్చు అడిగితే "నిబంధన ప్రకారం సూటు వేసుకోలేదు" అని తిప్పి పంపారు. ఇవ్వని సూటు ఎలా వేసుకోవాలి?

పాతకాపు: లోపలి మనిషి బతికాడా?

తడిగొట్టం: బతికాడు.

పాతకాపు: మరి!

నిచ్చెన: లెవెల్ ఎ వేసుకుంటే మాత్రం నిశ్చింతా? గాలిలో అమ్మోనియా సుమారు 15 నుంచి 28 శాతం ఉంటే నిప్పు అంటుకుంటుంది. రసాయన సూట్లలో చాలావి మంట తగిలితే కరిగిపోతాయి. పైగా లోపల చెమట ఆరదు, ముందు అద్దానికి ఆవిరి కమ్ముతుంది. అన్ని తొడుగుల చేతులతో వాల్వు తిప్పి చూడండి, తెలుస్తుంది.

శాస్త్రి: అందుకే ముందు మీటరుతో గాఢత చూడాలి. పాతకాపు గారూ, మీ 3 నిమిషాలు బయటికి రాగానే అయిపోవు. కోటు పొరల్లో చిక్కిన వాయువు, దాన్ని విప్పి కడిగేదాకా ఒంటిమీదే ఉంటుంది. కడిగే ఏర్పాటు లేకుండా మనిషిని పంపడమేమిటి?

పాతకాపు: పుస్తకాలు చదివి గేటు బయట నిలబడేవారికి అన్నీ సందేహాలే.

శాస్త్రి: గేటు లోపలికి వెళ్లేది నేను. బయట నిలబడి "వెళ్లు" అనే అధికారి మీరు.

పాతకాపు: అవును, నేనే. ఆగమంటే మా కుర్రాళ్లు ఆగుతారా? చెప్పకుండా దూకుతారు. వెళ్లమంటే కనీసం తాడు కట్టి, నీటి తెర పెట్టించి పంపగలను. సూట్ల కోసం నేను రాసిన లేఖలు ఎవరి సొరుగులో ఉన్నాయో! ఆపితే జనం నిలదీసేది నన్నే.

తడిగొట్టం: అంటే మాట పడకూడదని మీరు, ఒళ్లు కాల్చుకోవడానికి మేము. ఉత్తర్వు రాసి సంతకం పెట్టండి, వెళ్తాను. నోటిమాట మీద ఇక వెళ్లను.

పాతకాపు: సంతకం పెడితే సూటు లేకుండా పంపినందుకు విచారణ నా మీదే.

తడిగొట్టం: నా చికిత్స బిల్లు తిప్పి పంపినప్పుడు ఆ సంతకమే లేకపోయింది.

నిచ్చెన: రాసివ్వకపోతే వైర్‌లెస్‌లో చెప్పించుకోండి. రికార్డు అవుతుంది.