క్లాసంతా కలిసి చదివే ఇంగ్లీషు నవల: మీరైతే ఎలా ఎంచుతారు?

నల్లబల్ల (ప్రశ్న):
నమస్తే అండీ. తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లీషు చెప్తాను. వచ్చే ఏడాది నుంచి ఒక్కో తరగతికి రెండు నవలలు తప్పనిసరిగా పెట్టాలని స్కూల్లో ఒక కమిటీ వేశారు, అందులో నేనూ ఉన్నాను. మొదటి మీటింగ్‌లోనే విషయం అర్థమైపోయింది. ఎవరికి వారు చదువుకునే రోజుల్లో తమకు నచ్చిన పుస్తకం పేరు చెప్తున్నారు తప్ప, ఇప్పుడు మన ముందు కూర్చున్న పిల్లలు దాన్ని చదవగలరా అన్న మాట ఎవరూ ఎత్తడం లేదు. లిస్టులో ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’, ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’, ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ ఉన్నాయి. గొప్ప పుస్తకాలే, కాదనను. కానీ క్లాసులో సగం మందికి బడి దాటితే ఇంగ్లీషు వినపడదు. ఇంకోపక్క ముగ్గురు నలుగురు లావుపాటి ఫాంటసీ నవలలు డెస్కు కింద పెట్టుకుని పాఠం జరుగుతుండగానే నమిలేస్తుంటారు. వీళ్ళకీ వాళ్ళకీ ఒకే పుస్తకం ఎలా? పెద్ద నవల పెడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు, సినిమా చూసేస్తారు, నెట్‌లో సారాంశం బట్టీ పడతారు, మార్కులు వచ్చేస్తాయి, పుస్తకం మాత్రం మడత నలగకుండా అలాగే ఉంటుంది. మీరు దేన్ని బట్టి ఎంచుతున్నారు? పుస్తకాల పేర్ల కంటే ఎంచే పద్ధతి చెప్తే కమిటీలో మాట్లాడటానికి పనికొస్తుంది.

ఎర్రసిరా:
ముందు కాగితం మీద లెక్క వేసి కమిటీ ముందు పెట్టండి, సగం వాదన అక్కడే ముగుస్తుంది. ‘మాకింగ్‌బర్డ్’ దాదాపు లక్ష పదాలు. ఇంగ్లీషు ఇంటి భాష కాని పిల్ల నిమిషానికి వంద పదాలు చదువుతుందనుకుంటే, ఆగకుండా చదివినా వెయ్యి నిమిషాలు, అంటే నలభై నిమిషాల పీరియడ్లు 25. ఇందులో చర్చ లేదు, రాత లేదు, ఏమీ లేదు. అదే ‘యానిమల్ ఫామ్’ అయితే ముప్ఫై వేల పదాలకు అటూ ఇటూ, పది అధ్యాయాలు, చదవడానికి ఏడెనిమిది పీరియడ్లు చాలు. మిగిలిన టైమ్ మాట్లాడుకోవడానికి ఉంటుంది.

రెండోది, పదాల సంగతి. ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే పేజీలో 98 శాతం పదాలు తెలిసుండాలని పాల్ నేషన్ లాంటి పదజాల పరిశోధకులు చెప్తారు. అంటే మూడొందల పదాల పేజీలో తెలియనివి ఆరు. 95 శాతానికి పడిపోతే పదిహేను, ఇక అది చదవడం కాదు, డిక్షనరీ తిరగేయడం. కాబట్టి పుస్తకం మధ్యలోంచి ఒక పేజీ జిరాక్స్ తీసి పిల్లలకిచ్చి తెలియని మాటల కింద గీత గీయమనండి. మొదటి పేజీ మాత్రం వద్దు, దాన్ని బట్టి పుస్తకమంతా అలాగే ఉంటుందనుకోలేం.

అన్నట్టు, పుస్తకం స్థాయి ఇంత అని ఒక నంబర్ వేసి చూపించే స్కోర్లను గుడ్డిగా నమ్మకండి. అవి ప్రధానంగా చూసేది వాక్యం ఎంత పొడవు, మాటలు ఎంత వాడుకలో ఉన్నవి అన్నదే. స్టైన్‌బెక్ ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ ఆ లెక్కన చిన్నపిల్లల పుస్తకంలా తేలుతుంది. ఆ ముగింపు చదివినవాళ్ళెవరూ అలా అనరు.

వెనక బెంచీ:
ఎర్రసిరా గారు చెప్పిన లెక్క కరెక్టే గానీ, చిన్నదైతే చాలు అని తీసుకోకండి సార్. నేనైతే ఒకటే చూస్తాను: ఈ పుస్తకాన్ని నలభై మంది కలిసి చదవడం వల్ల ఒంటరిగా చదివితే రానిది ఏమైనా వస్తుందా? రాకపోతే దాన్ని లైబ్రరీలో పెట్టండి, క్లాసులోకి వద్దు.

‘యానిమల్ ఫామ్’ అంటే జంతువులు యజమానిని తరిమేసి, తమ నియమాలు గోడ మీద రాసుకుని, ఫామ్‌ను తామే నడుపుకునే కథ. అందులో ఆరో అధ్యాయం చూడండి. పందులు యజమాని ఇంట్లోకి చేరి మంచాలెక్కి పడుకుంటాయి. క్లోవర్ అనే గుర్రానికి అనుమానం, మంచాల మీద పడుకోకూడదని నియమం ఉండాలే అని. దానికి చదవడం సరిగ్గా రాదు, ఒక్కో అక్షరం విడిగా తప్ప కూడబలుక్కోలేదు. వెళ్ళి మ్యూరియెల్ అనే మేకను పిలిచి గోడ మీది రాత చదివించుకుంటుంది. ‘దుప్పట్లు వేసుకుని’ పడుకోకూడదు అని ఉంటుంది అక్కడ. అంతే, గోడ మీద ఉందంటే అదే నిజమై ఉంటుందిలే అని సర్దుకుంటుంది. ఇక్కడికి రాగానే క్లాసులో ఎవరో ఒకరు ‘ముందు అలా లేదు కదా’ అంటారు, ఇంకొకరు ‘ఉంది’ అంటారు, ఎవరూ చెప్పకుండానే, ఆ నియమాలు మొదట రాసిన రెండో అధ్యాయానికి పేజీలు వెనక్కి తిరుగుతాయి. మళ్ళీ చదవండి అని మనం గొంతు చించుకున్నా చేయని పని అది. క్లాసు నవలకు ఇలాంటి చోట్లు నాలుగైదు ఉండాలి. దీవిలో చిక్కుకుపోయిన మగపిల్లల కథ ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’లోనూ ఉన్నాయి, శంఖం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలన్న నియమం ఎక్కడ చెల్లడం మానేసిందో పిల్లల్నే వెతకమనండి, ఒక్కొక్కరు ఒక్కో అధ్యాయం చెప్తారు.

ఒక్క జాగ్రత్త. ‘యానిమల్ ఫామ్’ వెనక ఉన్నది రష్యా విప్లవమే అయినా, మొదటి రోజే బోర్డు మీద 1917, ఈ పంది స్టాలిన్, ఆ పంది ట్రాట్‌స్కీ అని టేబుల్ గీశారో, కథ అక్కడే చచ్చిపోతుంది. అది చివర్లో చెప్పండి.

సగం చదివినది:
నాకు ఈ చర్చలో ఒక సంగతి నచ్చడం లేదు. ఇప్పటిదాకా వచ్చిన పేర్లు చూడండి, ‘మాకింగ్‌బర్డ్’ ఒక్కటి పక్కన పెడితే ఆడపిల్ల ఎక్కడుంది? ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’లో దీవి మీద ఒక్క అమ్మాయి కూడా లేదు. ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’లో ఉన్న ఒక్క ముఖ్యమైన స్త్రీ పాత్రకు పేరే లేదు, కర్లీ భార్య అంటారు అంతే. పైగా దాదాపు అన్నీ ఇంగ్లండ్, అమెరికా. 1958లో నైజీరియా రచయిత అచెబె ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ ఇంగ్లీషులోనే రాశాడు, 25 చిన్న అధ్యాయాలు, వాక్యాలు మీ సోకాల్డ్ క్లాసిక్‌ల కంటే సులువు. అది ఎందుకు ఎవరికీ గుర్తురాదు?

రెండు నవలలూ అందరికీ ఒకటే ఉండాలని రూలేం లేదు కదా. ఒకటి అందరూ కలిసి చదవండి. రెండోదానికి నాలుగు పుస్తకాలు పెట్టి, పిల్లల్ని అయిదారుగురి గుంపులు చేసి, ఏ గుంపు ఏది చదవాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. డెస్కు కింద చదివే ఆ ముగ్గురూ పెద్దది తీసుకుంటారు. కష్టపడేవాళ్ళు ‘ది అవుట్‌సైడర్స్’ లాంటిది తీసుకుంటారు, అది 1967లో వచ్చింది, రాసిన అమ్మాయి అప్పటికి టీనేజర్. ఆ సంగతి చెప్తే చాలు, పుస్తకం చేతుల్లోంచి చేతుల్లోకి వెళ్తుంది.

నల్లబల్ల:
అందరికీ థాంక్స్ అండీ. గుంపుల ఐడియా కమిటీలో పెడతాను, పరీక్ష పేపర్ ఎలా సెట్ చేస్తారని గొడవ వస్తుంది, అది తర్వాత చూసుకుందాం. ఇంకో రెండు డౌట్లు. ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ రాసిన డికెన్స్‌ను వదలనంటున్న ఒక సీనియర్ మేడమ్ సంక్షిప్త ప్రతి పెడదామంటున్నారు, సరేనా? తల్లిదండ్రుల నుంచి అభ్యంతరం వస్తే ఏం చేస్తారు?

ఎర్రసిరా:
సంక్షిప్తం నాకు ఇష్టం లేదు. డికెన్స్‌లో కథ ఎంత ముఖ్యమో ఆ వాక్యం నడక కూడా అంతే ముఖ్యం, కుదించేవాళ్ళు ముందు కోసేది దాన్నే. ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ 1860, 61లో వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది, 59 అధ్యాయాలు. మేడమ్ గారికి అంత పట్టుదల ఉంటే శ్మశానంలో పిప్ అనే పిల్లాడు ఖైదీకి దొరికిపోయే మొదటి అధ్యాయం అసలు రూపంలో క్లాసులో గట్టిగా చదివి వినిపించమనండి, కావాల్సినవాళ్ళు మిగతాది చదువుకుంటారు. చదవడం ఇంకా పట్టుబడని పిల్లలకు గ్రేడెడ్ రీడర్లు (స్థాయిని బట్టి తేలిక మాటల్లో రాసిన పుస్తకాలు) ఇవ్వండి, తప్పేం లేదు, కానీ అది వేరే పని.

వెనక బెంచీ:
అభ్యంతరాల సంగతి నేను చెప్తాను. కమిటీలో ప్రతి ఒక్కరూ పుస్తకం చివరి పేజీ దాకా ఇప్పుడు మళ్ళీ చదవాలి, ఎప్పుడో కాలేజీ రోజుల్లో చదివిన జ్ఞాపకంతో సంతకం పెట్టకూడదు. ‘మాకింగ్‌బర్డ్’లో అత్యాచార ఆరోపణ మీద విచారణ ఉంది, నల్లజాతివాళ్ళను తిట్టే మాట చాలాసార్లు వస్తుంది. పుస్తకం ఎందుకు పెట్టాం, ఇబ్బంది పెట్టే చోట్లు ఏవి, వాటిని క్లాసులో ఎలా చెప్తాం అని ఒక పేజీ రాసి ఏడాది మొదట్లోనే ఇళ్ళకు పంపండి. ఒకరిద్దరు వద్దంటే వాళ్ళ పిల్లలకు ఇంకో పుస్తకం ఇవ్వండి, ఆ ఒకరిద్దరి కోసం క్లాసంతటికీ మానేయకండి. ఆ ఇంకో పుస్తకాన్ని కూడా ముందే ఎంచి పెట్టుకోండి.

ఇంకా చిన్న విషయం, కాపీలన్నీ ఒకే ఎడిషన్ కొనండి. 43వ పేజీ తీయండి అంటే పది మంది 51లో, పది మంది 38లో ఉంటే పీరియడ్‌లో సగం దానికే పోతుంది.