"కొట్టివేయబడని పేరు": కొట్టడం దేన్ని?

బెర్లిన్ కోడలు: ఒక లైను రెండ్రోజులుగా బుర్ర తినేస్తోందండీ. "...కొట్టివేయబడని నిత్యమైన పేరు" అని మా అమ్మమ్మ పాత బైబిల్లోంచి చదివేది, ముందు ముక్క గుర్తు రావట్లా. నవంబర్ 9న మా వీధి వాళ్లు ఫుట్‌పాత్ మీద ఇత్తడి పలకలు తోముతుంటే నేనూ కూర్చున్నా, అరచేతంత ఉంటాయి, నాజీలు పట్టుకెళ్లిన యూదులు ఏ ఇంట్లో ఉండేవాళ్లో ఆ గుమ్మం ముందే నేలలో దిగేశారు, పేరు, పుట్టిన ఏడాది, ఎక్కడ చంపారో. (చింతపండు పెట్టి తోమవే అంది అమ్మ ఫోన్లో. మెరిసింది.) పక్కింటి పెద్దావిడకి ఆ లైను చెబుదామని నోరు తెరిచి సగంలో ఆగిపోయా.

పాతపుస్తకం: యెషయా 56:5. "నా యింటను నా ప్రాకారములలోను ఒక భాగమును వారికిచ్చెదను" అని మొదలు, తర్వాత కొడుకులు కూతుళ్ల కంటె శ్రేష్ఠమైన పేరు, ఆఖర్న మీ ముక్క. నాజీలు చంపిన యూదుల కోసం జెరూసలేంలో 1953లో చట్టం చేసి పెట్టిన స్మారకానికి యాద్ వాషెమ్ అన్న పేరు ఇక్కణ్ణించే తీశారు. కానీ ఆ "భాగము" నాకెప్పుడూ నచ్చదు. హీబ్రూలో అక్కడున్న మాట యాద్. యాద్ అంటే చెయ్యి, గుర్తుగా నిలబెట్టే రాయి కూడా. షేమ్ అంటే పేరు. పేరు నిలపడానికి కొడుకుల్లేరని దావీదు కొడుకు అబ్షాలోము ఎత్తించుకున్న స్తంభమూ యాదే.

ప్లీడరుగారబ్బాయి: భాగము తప్పేం కాదు మాష్టారూ. ఆదికాండం 47:24లో యోసేపు పంట వంతులు వేస్తాడు చూడండి, ఆ వంతులకీ ఇదే మాట. పైగా దేవుడు అంటున్నది ఎవరితో? నపుంసకులతో. పిల్లల్లేనివాళ్లకి ఇంట్లో వాటా ఇస్తానంటే దాని విలువేంటో మా కోర్టు వరండాలో నిలబడితే తెలుస్తుంది. అసలు పేచీ "కొట్టివేయబడని" దగ్గర. కేసు కొట్టేయడమా, చెట్టు కొట్టేయడమా?

పాతపుస్తకం: చెట్టే. హీబ్రూలో కారత్, నరకడం. ఎవరితో అంటున్నాడో మీరే చెప్పారుగా, శ్లేష అక్కడుంది.

రిటైర్డ్ టీచరమ్మ: నాకు మాత్రం హాజరుపట్టీలో ఎర్రసిరా గీతే కనిపిస్తుంది. నాజీలు చంపిన 60 లక్షల మంది యూదుల్లో 50 లక్షల దాకా పేర్లు, బంధువుల చేత ఫారాలు నింపించి, పాత జాబితాలు గాలించి ఒక్కోటీ పోగేశారు ఆ యాద్ వాషెమ్‌లో. గీత కొట్టేసిన పేర్లు మళ్లీ ఎక్కించడమేగా అది.

గోదారిగట్టు: రాయీ పేరూ అనగానే మన కవి గుర్రం జాషువా పద్యం గుర్తురాలేదా ఎవరికీ! రాజు రాతి విగ్రహాల్లో, సుకవి ప్రజల నాలుకల మీద. యాద్ రాజుకి, షేమ్ కవికి. ఈ యెషయా వాక్యం మనసులో పెట్టుకునే జాషువా రాశాడని నా సిద్ధాంతం.

ప్లీడరుగారబ్బాయి: మీ సిద్ధాంతాలన్నీ చివరికి జాషువా ఇంటికే చేరతాయి. ముందు పద్యం చెప్పండి, రాజు "జీవించె"నా "జీవించు"నా?

గోదారిగట్టు: జీవించు. పైన రెండు పాదాల్లో మరణించె, మరణించె అని వచ్చాక నోరు అలవాటుగా "చె" లాగేస్తుంది, అంతే. చచ్చాక కూడా బతికుండటం గురించి చెబుతూ భూతకాలం వాడతాడా ఆయన?

పాతపుస్తకం: ఛందస్సు మీకు సాయం రాదు. చె అన్నా చు అన్నా లఘువే. నేను చిన్నప్పుడు బట్టీ పట్టింది "చె".

బెర్లిన్ కోడలు: అయ్యా, ఒక్క నిమిషం. పెద్దావిడ గురించి మా వాళ్లకి చెప్పేటప్పుడు "మారణహోమంలో బలైన కుటుంబం" అనొచ్చా?

రిటైర్డ్ టీచరమ్మ: వద్దమ్మా. హోమం దేవుడికి చేసేది. హోలోకాస్ట్ అన్న గ్రీకు మాటలోనూ అదే చిక్కు, మన బైబిల్లో సర్వాంగహోమం అంటారే, అది. అందుకే వాళ్లలో చాలామంది షోవా అంటారు, మహా విపత్తు అని. నరమేధం అంటావా, అందులోనూ యజ్ఞమే. బలి సంగతి సరేసరి. చంపినవాణ్ణి పూజారిని చేస్తున్నాం మనం. పలక మీద ఏముంది?

బెర్లిన్ కోడలు: "హత్య చేశారు" అనుంది. కింద ఆష్‌విట్జ్.

రిటైర్డ్ టీచరమ్మ: అదే చెప్పు.

బెర్లిన్ కోడలు: సరేనండీ. మరి లైను భాగము అనే చెప్పనా?

పాతపుస్తకం: స్తంభము.

ప్లీడరుగారబ్బాయి: వాటా.

గోదారిగట్టు: ఇప్పుడే పాత ప్రతి తీశా, సరిగ్గా ఆ పేజీనే పురుగు తినేసింది. కానీ చు యే.