వేడి కాఫీ, వెంటనే చల్లనీళ్లు: జిర్కోనియా క్యాప్ వదులవుతుందా?

రూట్ కెనాల్ అవసరం లేదన్నారని కింది దవడ పంటికి నేరుగా జిర్కోనియా (పంటి రంగులో ఉండే గట్టి సిరామిక్) క్యాప్ వేయించుకున్నాను. పొగలు కక్కే కాఫీ తాగి, ఆపై ఫ్రిజ్ నీళ్లు తాగితే చిగురు అంచు దగ్గర జివ్వుమంటోంది. నమిలేటప్పుడు ఏమీ లేదు. పళ్ల సందులు శుభ్రం చేసే ఫ్లాస్ దారం మాత్రం సరిగ్గా అక్కడే పీచులు పీచులుగా తెగుతోంది, అదీ నా టెన్షన్.

డాక్టరుగారేమో ఫిట్టింగ్ బాగానే ఉందంటున్నారు. జిర్కోనియా, పంటి ఎనామిల్ వేడికి దాదాపు ఒకేలా వ్యాకోచిస్తాయి కదా. 50 డిగ్రీల తేడాకి 10 మిల్లీమీటర్ల క్యాప్ పెరిగేది సుమారు 5 మైక్రాన్లే. క్యాప్‌ని పంటికి అతికించే సిమెంటు పొరే అంతకు ఎన్నో రెట్లు మందం! మరి లోపం సిమెంటుదా, క్యాప్ అంచుదా? ల్యాబుల్లో క్యాప్ వేసిన పళ్లను 5, 55 డిగ్రీల నీళ్లలో మార్చి మార్చి ముంచి పరీక్షిస్తారు. అందులో ముందు దెబ్బతినేది ఏది? ఎక్స్‌రేలో తెలుస్తుందా, క్యాప్ తీయాల్సిందేనా? డెంటిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.