రేడియేషన్‌తో నోరు పూసి నాన్న ఏమీ తినలేకపోతున్నారు, ఏం పెట్టాలి?

మా నాన్నగారికి గొంతు క్యాన్సర్. వారానికి 5 రోజుల చొప్పున మొత్తం 35 సార్లు రేడియేషన్ ఇవ్వాలన్నారు, 19 అయ్యాయి. ముఖానికి మాస్కు బిగిస్తారని మొదట్లో భయపడ్డారు గానీ, ఇప్పుడు అసలు బాధ భోజనం దగ్గరే. నోరంతా పూసింది, లాలాజలం ఊరడం లేదు, ఏది తిన్నా మట్టిలా ఉందంటున్నారు. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషి, చప్పటి మజ్జిగన్నానికే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. డాక్టరు చెప్పినట్టు ఉప్పు, వంటసోడా కలిపిన నీటితో పుక్కిలిస్తున్నారు. మెడ మీద చర్మం నల్లబడి మండుతోంది; కొబ్బరినూనె రాయమని బంధువులు, అడగకుండా ఏదీ రాయవద్దని నర్సు. నర్సు మాటే వింటున్నాం. 4 కిలోలు తగ్గారు. ఇంకా తగ్గితే ముక్కు ద్వారా గొట్టం వేయాలంటున్నారు.

ఈ దశ దాటినవారు ఏం తినిపించారు? గొట్టం వేయించుకున్నవారు మళ్లీ మామూలుగా మింగగలిగారా? రుచి తిరిగి రావడానికి ఎన్నాళ్లు పట్టింది?