మింట్‌లో పేజ్‌మేకర్ వస్తోంది, తెలుగు పడట్లేదు, అర్జెంట్

నమస్తే అండి, మాది తెనాలిలో చిన్న డీటీపీ షాపు, పెళ్లి కార్డులు, కరపత్రాలు ఇవే పని. 2025 అక్టోబర్‌తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది, మా సిస్టమ్‌లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదు కాబట్టి 11 ఎక్కదన్నారు, దాంతో మా తమ్ముడు విండోస్ బదులు లినక్స్ మింట్ వేసి, అందులో విండోస్ ప్రోగ్రామ్‌లు నడవడానికి వైన్ పెట్టి వెళ్లాడు. కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్ 7 బానే ఓపెన్ అవుతోంది, ఫాంట్లు కాపీ చేశాక పాత ఫైళ్లూ సరిగ్గానే కనిపిస్తున్నాయి, కానీ కీబోర్డ్ సాఫ్ట్‌వేర్ ఆన్ చేసి కొట్టినా తెలుగు పడదే, ఉత్త ఏబీసీడీలే. ఎల్లుండి 500 కార్డులు ఇవ్వాలి, పెళ్లివాళ్లు రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నారు.

— అన్నా, వర్చువల్‌బాక్స్ పెట్టి అండ్ల పాత విండోస్ వేస్కోరాదే, లొల్లే ఉండదు. ర్యామ్ ఎంతుంది?

— 4 జీబీ బ్రదర్.

— అయితే కష్టమే అన్నా, రెండు సిస్టమ్‌లకి ఆ ర్యామ్ చాలదు.

— వర్చువల్‌బాక్స్ దాకా అక్కర్లేదండి. వైన్ లోపల విండోస్ అంటూ ఏం ఉండదు, ప్రోగ్రామ్ విండోస్‌ని ఏదడిగినా మధ్యలో వైన్ అందుకుని ఆ పని లినక్స్‌తో చేయిస్తుంది, అంతే. (1993లో మొదలుపెడితే 1.0 వచ్చేసరికి 2008 అయింది, అంత తలనొప్పి పని అది.) మీ తమ్ముడు వైన్‌ని బాటిల్స్ యాప్‌తో (వేరువేరు డబ్బాల్లో పెట్టి నడిపేది) పెట్టాడా? పేజ్‌మేకర్ ఒక బాటిల్‌లో, కీబోర్డ్ సాఫ్ట్‌వేర్ ఇంకో బాటిల్‌లో పెట్టుంటాడు. ఒక్కో బాటిల్‌కి సి డ్రైవ్ వేరు, రిజిస్ట్రీ (సెట్టింగుల చిట్టా) వేరు, పక్కింట్లో స్విచ్ వేస్తే మనింట్లో ఫ్యాన్ తిరగదు కదా. రెండూ ఒకే దాంట్లో ఇన్‌స్టాల్ చేసి, ముందు కీబోర్డ్, తర్వాత పేజ్‌మేకర్ తెరవండి. లిబ్రేఆఫీస్‌లో మాత్రం ఆ కీబోర్డ్ పనిచేయదు, అది లినక్స్ ప్రోగ్రామే కాబట్టి. ఇంకోటి, కీబోర్డ్ సాఫ్ట్‌వేర్‌కి తాళంలా గుచ్చే యూఎస్‌బీ డాంగిల్ ఉంటే వైన్ మీద ఆశ పెట్టుకోకండి, దాని డ్రైవర్‌కి అసలు విండోస్ కెర్నలే (దాని లోపలి గుండెకాయ) కావాలి.

— డాంగిల్ లేదండి. మీరన్నట్టే రెండు బాటిళ్లు ఉన్నాయి, ఫాంట్లు కూడా ఒక దాంట్లోనే వేశాడు మావాడు. ఇప్పుడే మార్చా, "శుభలేఖ" పడింది!! కానీ ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింట్ తీస్తే మేటర్ అంతా అంగుళం కిందకి జారిపోతోంది.

— పేపర్ సైజ్ లెటర్ అని ఉందేమో చూడండి, వైన్ ప్రింట్లు కూడా లినక్స్ ప్రింటర్ సెట్టింగ్ మీదుగానే వెళ్తాయి.

— అదేనండి, లెటరే ఉంది. ఏ4 పెట్టి మళ్లీ తీస్తున్నా.